నాదమే నేత్రము

వీణకు మెట్లుండును. వ్రేలు నిలుపవలసిన చోటు వానివలన తెలియును. ఫిడేలునకు మెట్లు లేవు. స్వరస్థానమును చెవియే నిర్ణయింపవలెను. వ్రేలు నూలువాసి తప్పినను శ్రుతి చెడును. కావున చూపు మందగించినను, చెవియందు పదునును సాధనయందు పట్టుదలయు గలవారికి ఈ వాద్యము వశమగును. ఇందుకు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి జీవితము నిదర్శనము.

నాయుడుగారు 1893వ సంవత్సరమున బెంగుళూరులో జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి. దృష్టిలోపముచే వారి బడిచదువు నడుమనే ఆగిపోయెను. అప్పుడు అన్నగారు తమ్మునిచేతికి ఫిడేలునిచ్చి పాఠములు చెప్పిరి. బడిలో మూసికొనిన త్రోవ ఇంట తెరచుకొనెను.

1919లో విజయనగర ప్రభువులు సంగీత కళాశాలను నెలకొల్పిరి. ఆస్థానమునకు చెందిన యొకరి అంధకుమారునికి శిక్షణ నొసగవలెనను తలంపే దానికి ప్రేరణయని చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. నాయుడుగారు అచట ఫిడేలు బోధకులై, 1936లో అధ్యక్షులైరి. గాయకునికి ప్రక్కవాద్యముగనుండిన ఫిడేలును వారు ప్రధానవాద్యముగ సభలందు నిలిపిరి. 1941లో సంగీత కళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీ పురస్కారమును పొంది, 1964లో కీర్తిశేషులైరి. ఆ కళాశాల నేటికిని నడచుచున్నది.

ఇట్టి వృత్తాంతమే జపాను దేశమునను కలదు. అచట ‘కోటో’ యను పదుమూడు తంత్రుల వాద్యమున్నది. ప్రతి తంత్రి క్రిందను ఒక గుర్రముండును. దానిని జరిపి శ్రుతి చేయుదురు. 17వ శతాబ్దమున యత్సుహాషి యను అంధవిద్వాంసుడు ఈ వాద్యమునకు నూతన రచనలు కూర్చి, దానిని సామాన్య జనులకు చేరువ చేసెను. ఆ దేశమున అంధులకు ప్రభుత్వము గుర్తించిన సంఘముండెను. అందు గురువులు శిష్యులకు విద్య నేర్పి, జీవనోపాధి చూపుచుండిరి. 1871లో ఆ సంఘము రద్దయినను విద్య నిలిచెను. నాయుడుగారి సమకాలికుడగు మియాగి మిచియో బాల్యముననే చూపు కోల్పోయియు, 1921లో పదునేడు తంత్రుల కోటోను రూపొందించెను.

చూపు లేనివారికి సంగీతము తనంతతానే అబ్బునని కొందరు తలతురు. అది సరికాదు. విశాఖలో ఒక అన్న, విజయనగరమున ఒక కళాశాల, జపానులో ఒక సంఘము ఆదరించుటచేతనే వారి సాధన ఫలించెను. నల్లబల్లపై వ్రాత కానరాని బాలుడు ఏ తరగతియందైనను ఉండవచ్చును. వానికి తగిన త్రోవను వెదకి చూపుట చూపుగలవారి ధర్మము.