గోడకిచ్చే దాతలు గొంతుకివ్వరా?

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మా అమ్మాయి కాపురం. అక్కడికెళ్లినప్పుడు దగ్గర్లోని యార్క్ పట్నంలో ఉన్న పెద్ద చర్చి చూపించింది. యార్క్ మిన్‌స్టర్ అంటారు. కట్టడం సంగతలా ఉంచి, అందులోని పైపుల ఆర్గన్ కథ మీతో చెప్పాలనిపించింది.

ఆర్గన్ అంటే మన హార్మోనియానికి పెద్దక్క అనుకోండి. తిత్తుల్లోంచి వచ్చే గాలి గొట్టాల్లోకి వెళ్తే స్వరం పలుకుతుంది. ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం. యార్క్‌లో అలాంటివి 5,403! పెద్దది పది మీటర్ల పొడవైతే, చిన్నది పెన్సిలంత. ఇన్ని గొట్టాల్లో దుమ్ము చేరితే, తోళ్లు పగిలితే శ్రుతి ఎక్కడ నిలుస్తుంది?

1829లో జొనాథన్ మార్టిన్ అనేవాడు చర్చికి నిప్పు పెడితే పాత ఆర్గన్ కాలిపోయింది. కొత్తది చేయించి ఇచ్చింది స్కార్‌బరో ప్రభువు. ఆనాడు ఒక్క జమీందారు సరిపోయాడు. మరి ఈనాడో? 1903 తర్వాత అంతటి మరమ్మతు మళ్లీ 2018లోనే మొదలైంది. గొట్టాలు దాదాపు అన్నీ విప్పి డర్హమ్‌లోని హారిసన్ అండ్ హారిసన్ కార్ఖానాకి పంపారు. 2021లో మళ్లీ పలికింది. ఖర్చు 20 లక్షల పౌండ్లు. మన లెక్కలో 20 కోట్ల పైమాటే!

"ఆ డబ్బుతో ఎంతమంది కడుపు నిండేదే!" అన్నాను.

"అలా అయితే మన గోపురానికి రంగూ వేయించకూడదు కదమ్మా" అంది మా అమ్మాయి.

నిజమే. కడుపుకీ కావాలి, చెవికీ కావాలి. వేల్స్‌లోని లాండాఫ్ కెథడ్రల్‌లో 2007లో పిడుగుపడి ఆర్గన్ పాడైతే, గొట్టాల్లేని ఎలక్ట్రానిక్ వాయిద్యంతో శాశ్వతంగా సరిపెట్టుకోలేదు. చందాలెత్తి, కొత్త పైపుల ఆర్గన్ కట్టించి 2010లో మోగించారు.

ఇలాంటి పనులకి చాలా చర్చిల్లో ఓ చక్కని పద్ధతుంది. గొట్టాల్ని దాతలకి పంచుతారు. చిన్న గొట్టానికి చిన్న మొత్తం, పెద్దదానికి పెద్ద మొత్తం. చనిపోయిన అమ్మ పేర ఒకరు, పుట్టిన మనవరాలి పేర ఒకరు. పింఛను డబ్బుల్లోంచి ఇచ్చిన ముసలమ్మ కూడా 'ఆ పాటలో నా స్వరం ఉంది' అనుకోవచ్చు!

మనకీ దాతలకి కొదవలేదు. కాకపోతే ఫ్యాను రెక్కల మీద పేర్లు, ట్యూబులైటు మీద వెలుగు కూడా కనపడనన్ని పేర్లు! రాయి కంటికి కనిపిస్తుంది, పేరు చెక్కించుకోవచ్చు. నాదం మీద ఎక్కడ చెక్కుతాం? అందుకే పాలరాతికి వచ్చినంత తేలిగ్గా సన్నాయికి చందా రాదు. ఎన్నో గుళ్లలో హారతి వేళకి స్విచ్చి నొక్కితే డోలూ గంటా కొట్టే యంత్రం వచ్చేసింది. దానికి జీతం అక్కర్లేదు నిజమే, కానీ రాగమూ రాదు. తాతల నాటి నుంచి వాయిస్తున్న ఇంటి కుర్రాడు ఆటో నడుపుకుంటున్నాడంటే తప్పెవరిది?

చందా పుస్తకం చాలా ఇళ్లలో మన చేతికే వస్తుంది. ఈసారి గుడికైనా, చర్చికైనా, వీధి పందిరికైనా రాసేముందు ఒక్క మాట అడుగుదాం: "రంగులకింత, లైట్లకింత అన్నారు, బావుంది. మరి మేళగాళ్లకెంత బాబూ?" జవాబు రాకపోతే మన నూటపదహార్లు వాళ్ల పేరే రాద్దాం. నలుగురాడవాళ్లు అలా పట్టుబడితే ఆ లెక్కకీ పుస్తకంలో ఓ వరస పుడుతుంది!