గోధుమ మానేసే ముందు రక్తపరీక్ష

బరువు తగ్గుతామని కొన్ని ఇళ్లలో గోధుమ రొట్టె మానేస్తున్నారు. గోధుమ, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీనే దీనికి కారణం. నాన్, షీర్ ఖుర్మాలో వేసే సేమియా, హలీం, బార్లీతో కాచే తల్బీనా.. అన్నింట్లోనూ అది ఉంటుంది. సీలియాక్ జబ్బు ఉన్నవారికి అది పేగులను దెబ్బతీస్తుంది. వాళ్లు జీవితాంతం మానాల్సిందే. మిగతావారిలో చాలామందికి తప్పనిసరి కాదు.

అయినా మానాలనుకుంటే ఒక జాగ్రత్త. తరచూ విరేచనాలు, కడుపు ఉబ్బరం, రక్తహీనత ఉంటే ముందు డాక్టరుకు చూపించి టీటీజీ రక్తపరీక్ష చేయించుకోవాలి. గోధుమ తింటున్నప్పుడే ఆ పరీక్ష సరిగ్గా పట్టిస్తుంది. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేదనే రావచ్చు.

జబ్బు లేదని తేలాక కూడా మానాలనిపిస్తే ఖరీదైన గ్లూటెన్ ఫ్రీ ప్యాకెట్లు కొనక్కర్లేదు. జొన్నరొట్టె, రాగి సంగటి, అన్నం, పప్పులో సహజంగానే గ్లూటెన్ ఉండదు.