కొలత రెట్టింపైతే చాప ఎన్ని రెట్లు?

ఈ నెల మన గోడపత్రికకు నేను లెక్కల గురించి రాస్తున్నాను. లెక్కలు అనగానే భయపడి పక్క కాగితానికి పోవద్దు. ఇది మా ఇంటి చాపతో మొదలవుతుంది.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున యానాదుల కాలనీ. నాయన చేపలకు, పీతలకు పోతాడు. అమ్మ ఈతాకు చాపలు అల్లుతుంది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆసామి వచ్చినాడు. "3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు చాప 100 రూపాయలు కదా. పొడవు, వెడల్పు రెండూ రెట్టింపు చేసి అల్లు, డబ్బు కూడా రెట్టింపు ఇస్తా" అన్నాడు. అమ్మ నా మొహం చూసింది. మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. "సరిపోతుంది లేమ్మా" అన్నాను.

చిన్న చాపకు ఒక మోపు ఆకు పట్టేది. దీనికి నాలుగు మోపులు పట్టింది. అమ్మ నన్ను ఏమీ అనలేదు. ముళ్లు గుచ్చుకున్న ఆమె చేతులు చూసి నేనే తల వంచుకున్నాను.

నా తప్పు ఎక్కడుందో చూడండి.
చిన్న చాప వైశాల్యం: 3 × 2 = 6 చదరపు అడుగులు.
పెద్ద చాప వైశాల్యం: 6 × 4 = 24 చదరపు అడుగులు.

పొడవులో రెండు రెట్లు, వెడల్పులో రెండు రెట్లు. అందుకే మొత్తం 2 × 2 = 4 రెట్లు. రావలసింది 400 రూపాయలు, వచ్చింది 200. అంచుకు కుట్టే గుడ్డ మాత్రం రెండు రెట్లే పడుతుంది. ఎందుకంటే చుట్టుకొలత 10 అడుగులు ఉన్నది 20 అయింది.

ఆకారం మారకుండా పెద్దదో చిన్నదో అయిన బొమ్మలను సరూప పటాలు అంటారు. ఎన్ని రెట్లు పెరిగిందో ఆ సంఖ్య స్కేలు గుణకం. వైశాల్యం ఆ గుణకానికి వర్గం అన్ని రెట్లు అవుతుంది. 3 రెట్లు పెంచితే 9 రెట్లు, సగం చేస్తే నాలుగో వంతు. ఒక జాగ్రత్త: పొడవు ఒక్కటే రెట్టింపు చేస్తే అది సరూపం కాదు. అప్పుడు వైశాల్యం రెండు రెట్లే.

మరి వంకర టింకర బొమ్మలకో? వాటికీ ఇదే. బొమ్మ నిండా చిన్న చిన్న గళ్లు గీశామనుకోండి. బొమ్మ రెట్టింపైతే ప్రతి గడీ భుజం రెట్టింపవుతుంది, గడి నాలుగు రెట్లవుతుంది. అన్ని గళ్లూ అట్లా అయితే బొమ్మంతా నాలుగు రెట్లే కదా!

మన పులికాట్‌నే తీసుకుందాం. చిలక తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. 1 సెం.మీ.కి 5 కి.మీ. స్కేలు ఉన్న పటం మీద పలుచని కాగితం పెట్టి సరస్సును గీసినాను. 1 సెం.మీ. గళ్లు వేసినాను. సగం కంటే ఎక్కువ నిండిన గడిని ఒకటిగా లెక్కపెట్టి, తక్కువ నిండినవి వదిలేసినాను. 17 గళ్లు వచ్చాయి. నా పక్కన కూర్చునే అమ్మాయి "17 × 5 = 85" అంది. అది మా చాప తప్పే! ఒక గడి అంటే 5 × 5 = 25 చదరపు కి.మీ. కాబట్టి 17 × 25 = 425. పుస్తకాల్లో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు సుమారు 450, తగ్గినప్పుడు సుమారు 250 చదరపు కి.మీ. అని ఉంటుంది. గళ్ల లెక్క ఇంత దగ్గరికి వచ్చిందంటే నాకే ఆశ్చర్యమేసింది.

దసరా సెలవులకు ఇంటికి పోయి నాలుగు చిన్న చాపలు పక్కపక్కన పరిచి అమ్మకు చూపించినాను. అమ్మ నవ్వి, "నా చేతికి అప్పుడే తెలుసు. నోటితో చెప్పడం రాలేదు" అంది. ఇప్పుడు ఎవరైనా పెద్ద చాప అడిగితే అమ్మ ముందు చిన్న చాపలు పరిచి చూపించి ధర చెబుతుంది.

మీకొక లెక్క: 2 బారల పొడవు, 1 బార వెడల్పు వల ఉంది. కన్ను సైజు మార్చకుండా రెండు పక్కలా మూడు రెట్లు చేస్తే దారం సుమారు ఎన్ని రెట్లు కావాలి? జవాబు రాసి నాకివ్వండి. సరైన జవాబు రాసిన వారి పేర్లు వచ్చే నెల ఇక్కడే రాస్తాను.

ఇట్లు,
మీ 9వ తరగతి సోదరి