స్టీవ్ మార్టిన్: రంగస్థల హాస్యము, నవలా రచన

రంగస్థలముపై నిలిచి జనులను నవ్వించు కళకును, ఏకాంతమున చదువుకొను పాఠకునికై నవల వ్రాయు కళకును గల సంబంధ మెట్టిది? ఈ రెండు కళలను సాధించిన సమకాలిక అమెరికను రచయిత స్టీవ్ మార్టిన్ కృషి ఈ ప్రశ్నకు కొంత సమాధానము నొసగుచున్నది.

మార్టిన్ 1945లో టెక్సాస్ రాష్ట్రమందలి వేకో నగరమున జన్మించి, కాలిఫోర్నియాలో పెరిగెను. కౌమారమున డిస్నీలాండ్‌లో ఇంద్రజాల వస్తువుల అంగడియందు పనిచేసెను. కళాశాలలో తత్త్వశాస్త్రము నభ్యసించెను. టెలివిజన్ హాస్య రచనకై 1969లో తోడి రచయితలతో కలిసి ఎమ్మీ బహుమానమును పొందెను.

సాధారణముగా హాస్యకారుడు ఉత్కంఠను పెంచి, తుదిమాటతో నవ్వు పుట్టించును. ఎచట నవ్వవలెనో ప్రేక్షకు డప్పుడే యెఱుగును. మార్టిన్ ఆ తుదిమాటను తొలగింపబూనెను. అట్లు చేసినచో, నవ్వవలసిన తావును ప్రేక్షకుడే యెన్నుకొనునని యాతని భావము. 2007లో వెలువడిన ‘బోర్న్ స్టాండింగ్ అప్’ అను ఆత్మకథలో ఈ విషయమును వివరించినాడు. కాని 1970 దశకాంతమున ప్రేక్షకులు వేలసంఖ్యలో రాజొచ్చిరి. అంతటి సమూహమున నవ్వు సామూహికమగును. ఒక్కొక్కరి యెన్నికకు తావుండదు. సూక్ష్మప్రయోగములు కొనసాగింప వీలుగాక, 1981లో ఆతడు ఏకవ్యక్తి ప్రదర్శనములను విరమించెను.

రంగస్థలమున చేజారిన యా యెన్నికను నవల మరల పాఠకునికి సమకూర్చినదని మా యభిప్రాయము. ‘షాప్‌గర్ల్’ (2000) అను లఘునవలలో మిరబెల్ అను యువతి బెవర్లీ హిల్స్‌లోని యొక పెద్ద దుకాణమున చేతితొడుగులు విక్రయించుచుండును. కొనువా రరుదు. ఆ దృశ్యము హాస్యాస్పదమే. కాని రచయిత యామెను పరిహసింపడు. నవ్వవలెనో జాలిపడవలెనో పాఠకుడే తేల్చుకొనవలెను. ‘ది ప్లెజర్ ఆఫ్ మై కంపెనీ’ (2003)లో కథకుడైన డేనియల్ వీథి దాటుటకు కాలిబాట గట్టు దిగలేడు. గట్టులేక వాలుగానున్న తావులు ఎదురెదురుగా నున్న చోటనే దాటగలడు. ఈ నియమమును సహేతుకమైన దానివలె వివరించును. మొదట నవ్విన పాఠకునికి క్రమముగా ఆ తర్కము వెనుకనున్న భయము గోచరించును.

కొంతకాలమునకు మార్టిన్ మరల రంగస్థల మెక్కి, మార్టిన్ షార్ట్‌తో కలిసి ప్రదర్శనము లిచ్చెను. అయినను, హాస్యకారుని నవలలను విరామకాల వినోదముగా నెంచుట తగదు. రంగస్థలమున నాతడు వెదకిన స్వతంత్రపు నవ్వు, ఈ గ్రంథములలో కరుణకు చేరువయై నిలిచినది. పరిశోధకులు గమనింపదగిన యంశ మిదియే.