ఆకురాయి పళ్లు, మనిషి మోచెయ్యి

నెల్లూరు జిల్లా దుత్తలూరు నుంచి కొండల దిక్కుగా పోతే ఉదయగిరి వస్తుంది. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర నుంచి గెలుచుకున్న దుర్గం కొండ మీద ఉంటే, కింద ఊళ్లో చెక్క చెంచాలు పుడుతుంటాయి. నర్ది, బిక్కి, కల్ది, పాలబరికె, దేవదారి లాంటి అడవి కర్రతో చేసే చెంచాలకు, గరిటెలకు, ఫోర్కులకు ఉదయగిరి పేరు మీద భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వాటి గురించి రాసినవాళ్లందరూ చెంచా కాడ మీది నగిషీ ఫొటో తప్పకుండా వేస్తారు. దాన్ని అంత నునుపుగా చేసిన ఆకురాయి ఫొటోలోకి రాదు. ఆ ఆకురాయిని పొద్దస్తమానం తోసే మోచెయ్యి అసలే రాదు.

ఆ పని కాస్త దగ్గరగా చూద్దాం. రంపంతో కోసి, ఉలితో గుంట తొలిచి ఆకారం తెచ్చాక మిగిలేదంతా ఆకురాయి పనే. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు చెంచా కాడను నొక్కి పట్టుకుంటాయి. కుడిచెయ్యి ఆకురాయిని ముందుకు తోస్తుంది. పళ్లు కర్రను కొరికేది ముందుకు పోయేటప్పుడే. వెనక్కి తెచ్చేటప్పుడు కాస్త ఎత్తి తేవాలి, లేకుంటే పళ్లు తొందరగా మొద్దుబారతాయి. పైగా చెంచా గిన్నె అంచు గుండ్రం, కాబట్టి తోపు తోపుకూ మణికట్టు ఓ మెలిక తిరగాలి. ఇంతా చేస్తే ఒక్క తోపుకు చిటికెడు పొట్టు కూడా రాలదు. అందుకే ఒక్క చెంచాకు తోపులు వందల్లో పడతాయి. సాయంత్రానికి ‘చెయ్యి లాగతా ఉంది’ అనే మాట ఇలాంటి పని చేసే ఏ ఇంట్లోనైనా వినిపిస్తుంది.

లాగేది ఎక్కడ? ఓ చిన్న పరీక్ష చేసి చూడండి. మణికట్టును లోపలికి పూర్తిగా మడిచి, అప్పుడు పిడికిలి బిగించండి. బలం చాలదు. అదే మణికట్టును కొంచెం వెనక్కి వంచితే పట్టు గట్టిగా కుదురుతుంది. వేళ్లను ముడిచేవి ముంజేతి లోపలి వైపు కండరాలు. అవి లాగినప్పుడు మణికట్టు కూడా లోపలికి ముడుచుకుపోవాలి. పోకుండా నిలబెట్టేవి ముంజేతి వెనక కండరాలు. అంటే దేన్ని గట్టిగా పట్టుకున్నా సరే, పట్టుకోవడంతో సంబంధం లేనట్టు కనిపించే వెనక వైపు కూడా అంతే కష్టపడుతుంది. ఆ కండరాల్లో చాలావాటి మొదళ్లు మోచేతి బయటి వైపు చేతికి తగిలే చిన్న ఎముక బుడిపె మీద కలుస్తాయి. రోజంతా తోసిన తోపుల బరువు చివరకు ఆ అంగుళం జాగా మీద పడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టే ఈ తాడునే మనవాళ్లు ‘నరం’ అంటారు, వైద్యులు టెండాన్ అంటారు. వైద్యులు ఆ నొప్పికి టెన్నిస్ ఎల్బో అని పేరు పెట్టారు గానీ, దాంతో బాధపడేవాళ్లలో ఎక్కువమంది రాకెట్ ముట్టి ఎరగరు.

ఇక ఆకురాయి సంగతి. దీని వయసు ఇనుము వయసుకు దగ్గరగా ఉంటుంది. ఈజిప్టులోని థీబ్స్‌లో దొరికిన అస్సీరియన్ల ఇనుప పనిముట్లలో కర్ర గీసే ఆకురాయి కూడా ఉంది, క్రీస్తుపూర్వం 7వ శతాబ్దం నాటిది. 12వ శతాబ్దంలో థియోఫిలస్ అనే జర్మన్ సన్యాసి చేతిపనుల మీద రాసిన పుస్తకంలో ఆకురాళ్లను గట్టిపరిచే పద్ధతి వివరంగా ఉంది. ఎద్దు కొమ్మును కాల్చి, పొడి చేసి, ఉప్పు కలిపి, ఎర్రగా కాలిన ఆకురాయి మీద చల్లి నీళ్లలో ముంచమంటాడు. కొమ్ములోని కర్బనం ఇనుము పైపొరలోకి దిగి పళ్లకు ఉక్కు గట్టిదనం ఇస్తుందని ఆయనకు తెలిసే అవకాశం లేదు. పని మాత్రం జరిగింది.

కష్టమంతా పళ్లు వేయడంలో ఉంది. మెత్తగా ఉన్న ఉక్కు పలక మీద ఉలి పెట్టి ఒక దెబ్బ కొడితే ఒక గాటు పడుతుంది, గాటు పక్కన సన్నటి అంచు లేస్తుంది. ఆ అంచే పన్ను. ఉలిని వెనక్కి జరిపి, ఆ అంచు తగిలిందాకా తెచ్చి, మళ్లీ దెబ్బ. కన్ను కంటే ఎక్కువగా వేలే చూస్తుంది ఇక్కడ. 1480 ప్రాంతంలో లియొనార్డో డావిన్చీ ఈ పనికి ఒక యంత్రం గీశాడు. ఒక బరువు కిందికి దిగుతుంటే సుత్తి లేచి పడుతుంది, దెబ్బ దెబ్బకూ మర ఆకురాయి పలకను కొంచెం ముందుకు జరుపుతుంది. బొమ్మ ఈనాటికీ చూడముచ్చటగా ఉంటుంది. అయినా ఆ తర్వాత దాదాపు నాలుగు శతాబ్దాల పాటు ఆకురాళ్లకు పళ్లు వేసింది ఎక్కువగా మనుషులే. పలకలో ఒకచోట మెత్తన, ఒకచోట గట్టి ఉంటే మనిషి చెయ్యి దెబ్బ మార్చుకుంటుంది, యంత్రం మార్చుకోదు.

మరి ఆ మనుషుల చేతులు ఏమయ్యాయి? ఇంగ్లండులోని షెఫీల్డ్ ఈ పనికి రాజధాని. అక్కడ పళ్లు వేసేవాళ్లు ఆకురాయిని సీసం దిమ్మ మీద పెట్టి, కాళ్లకు తగిలించుకున్న పట్టీతో బిగించి కొట్టేవాళ్లు. సీసం మెత్తన, కాబట్టి అవతలి వైపు వేసిన పళ్లు చెడవు. ఉలి జారకుండా వేళ్లు నాలుకతో తడుపుకునేవాళ్లు. అలా సీసం లోపలికి పోయి, మణికట్టు ఎత్తలేకుండా వేలాడిపోయే జబ్బు వచ్చేది. సుత్తి చేతికి వేరే జబ్బు ఉండనే ఉంది. ఆ ఊరి వైద్యుడు ఫ్రాంక్ స్మిత్, రోజంతా సుత్తి కొట్టే కత్తుల పనివాళ్ల చేతులు చచ్చుబడటం గమనించి 19వ శతాబ్దంలోనే వైద్య పత్రికకు రాశాడు. చేతిపనివాళ్ల పనిముట్టును తయారుచేసే చేతులే ముందు పాడయ్యాయన్నమాట. ఆకురాయి చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతికి దొరికే చోటు చాలా తక్కువ.

1864లో అమెరికాలోని ప్రావిడెన్స్ ఊళ్లో విలియం నికల్సన్ పళ్లు వేసే యంత్రాన్ని నిజంగా పని చేయించాడు. ఇక్కడ ఒక తమాషా జరిగింది. యంత్రం వేసిన పళ్లు మరీ సమానంగా ఉండటంతో అవే సమస్య అయ్యాయి. సమాన దూరంలో వరుసగా ఉన్న పళ్లు ఒకే గాడిలో పడి, అదురుతూ, వస్తువు మీద చారలు వదులుతాయి. అప్పుడు నికల్సన్ పళ్ల మధ్య దూరాన్ని కావాలనే కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోయాడు. కర్రకు వాడే ఆకురాళ్లలో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. వాటికి పన్ను పన్నునూ విడిగా మొనతో లేపుతారు. ఫ్రాన్సులో ఇప్పటికీ చేత్తో అలా పళ్లు లేపే కార్ఖానాలున్నాయి. వరుస తప్పిన ఆ పళ్లు కర్రను నునుపుగా గీస్తాయని వడ్రంగులు ఎక్కువ డబ్బు పెట్టి కొంటారు.

అంటే ఇనుప పళ్లకు మార్పు అవసరమని 19వ శతాబ్దంలోనే తేలింది. దాన్ని తోసే చేతికీ అదే అవసరమని కార్ఖానాలు ఒప్పుకోవడానికి ఇంకో వందేళ్లు పట్టింది. వైద్యులకు తెలియక కాదు. ఇటలీకి చెందిన బెర్నార్దినో రామజ్జీని 1700లోనే పనివాళ్ల జబ్బుల మీద పుస్తకం అచ్చు వేశాడు. 1713 కూర్పులో రాతగాళ్ల చేతి నొప్పికి కారణాలు చెబుతూ, చెయ్యి ఎడతెగకుండా ఒకే తీరుగా కదలడాన్ని లెక్కలోకి తీసుకున్నాడు. 1980లలో అమెరికాలో బార్బరా సిల్వర్‌స్టీన్, ఆమెతో పని చేసినవాళ్లు కార్ఖానా కూలీల చేతులు పరీక్షించి చూశారు. బలం ఎక్కువ పెట్టే పని ఒక ముప్పు, మాటిమాటికీ చేసే పని ఇంకో ముప్పు. రెండూ ఒకే పనిలో కలిస్తే ముప్పు ఆ రెంటి మొత్తంతో ఆగలేదు, తేలిక పనివాళ్లతో పోలిస్తే సుమారు 30 రెట్లయింది. చెంచా మీద మొద్దుబారిన ఆకురాయి తోయడం సరిగ్గా ఆ రెండూ కలిసిన పనే.

లోపల ఏం జరుగుతుందో కూడా చాలాకాలం తప్పుగానే అనుకున్నారు. నొప్పి ఉంది కనుక వాపు ఉండాలనుకుని వాపు మందులిచ్చారు. 1979లో నిర్షల్, పెట్రోన్ అనే శస్త్రవైద్యులు ఆపరేషన్‌లో తీసిన ముక్కలను చూస్తే వాపు కణాలు దాదాపు లేవు. ఉన్నది చెదిరిపోయిన పీచు, మరమ్మతు మొదలై సగంలో ఆగిపోయిన కణజాలం. టెండాన్‌కు రక్తం సరఫరా తక్కువ, బాగుపడటం నెమ్మది. గట్టిగా పని చేశాక తొలి 24 నుంచి 36 గంటల వరకూ టెండాన్‌లో కట్టేదానికంటే కూలేదే ఎక్కువ, ఆ తర్వాతే లెక్క లాభంలోకి వస్తుంది. ప్రతిరోజూ అదే పని అదే మోతాదులో పడితే లాభం వచ్చే రోజు రానే రాదు.

ఈ లెక్క కూలికీ ఆటకీ ఒకటే. ఈమధ్య సముద్రతీరాల్లో వింగ్ ఫాయిలింగ్ అనే ఆట వచ్చింది. బోర్డు కింద నీళ్లలో ఒక చిన్న రెక్క, చేతుల్లో గాలి నింపిన పెద్ద రెక్క. నీటి రెక్క మీద పడవను లేపి నడపడం కొత్తేం కాదు, ఇటలీ ఇంజినీరు ఎన్రికో ఫోర్లానీని 1906లోనే మజోరె సరస్సు మీద చేసి చూపాడు. చేతి రెక్క మాత్రం 2018 తర్వాతే అంగళ్లలో విరివిగా దొరికింది. గంటల తరబడి ఆ రెక్క పిడిని బిగించి పట్టుకునేవాళ్లకు వచ్చే నొప్పి ఎక్కడో ఇప్పుడు చెప్పక్కర్లేదు. మోచేతి బయటి బుడిపె దగ్గరే. భుజం, నడుము, వెనక కాలు కూడా నొప్పి పెట్టొచ్చు. అక్కడ దొరికిన మంచి ఉపాయం వ్యాయామం కాదు, ఒక తాడు. నడుముకు పట్టీ కట్టుకుని, రెక్కను తాడుతో దానికి తగిలిస్తే గాలి లాగుడు నడుము మీద పడుతుంది. చేతులు రెక్కను తిప్పితే చాలు. చిన్న బోర్డు కన్నా కాస్త పెద్ద బోర్డు, మరీ పెద్ద రెక్క కన్నా గాలికి సరిపడే రెక్క, రెండు రోజుల ఆటకు మధ్య ఒక రోజు విరామం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పేవి ఇవే.

ఉదయగిరి పనికి ఆ తాడు స్థానంలో ఏముంది? కంసాలి పనిబల్ల అంచున ఒక చిన్న చెక్క నాలుక ఉంటుంది, నగను దానికి ఆనించి గీస్తాడు. చెంచాకూ అలాంటిదొకటి, లేదా తోలు దవడలు తొడిగిన చిన్న వైస్ ఉంటే ఎడమచేతి నొక్కుడు పోతుంది. రెండోది పిడి. ఆకురాయి తోకకు పిడి లేకుండా, గుడ్డ చుట్టి తోసేవాళ్లను ఏ ఊళ్లోనైనా చూడొచ్చు. సన్నటి తోకను పట్టుకోవాలంటే వేళ్లు ఎక్కువ బిగించాలి, మొన అరచేతిలో గుచ్చుకుంటుంది. బొటనవేలూ మధ్యవేలూ చుట్టూ పోయి కలుసుకునేంత లావు చెక్క పిడి వేస్తే అదే తోపుకు తక్కువ పట్టు సరిపోతుంది. చెంచాలు చేసే ఇంట్లో పిడి చేసుకోవడం ఎంత పని? చివరికి, పనుల వరుస. పొద్దున్నంతా కోత, మధ్యాహ్నమంతా ఆకురాయి అని కాకుండా కోత, తొలుపు, గీత, గరుకు కాగితం గంటగంటకూ మార్చుకుంటే ఒకే టెండాన్ మీద దెబ్బ మీద దెబ్బ పడదు. నికల్సన్ పళ్లకు చేసింది ఇదే.

కరెంటుతో నడిచే సాండర్ తెచ్చుకుంటే చాలదా అనొచ్చు. తోపు తగ్గుతుంది, నిజమే. కానీ అదురు వస్తుంది. 1918లో అమెరికా వైద్యురాలు ఆలిస్ హామిల్టన్, ఇండియానా రాతి గనుల ఊళ్లో గాలి సుత్తులు పట్టే పనివాళ్ల వేళ్లు చలికి తెల్లగా చచ్చుబడటం రాసిపెట్టింది. నెల్లూరు ఎండల్లో తెల్లబడటం కంటికి కనబడకపోవచ్చు, తిమ్మిరి మాత్రం వస్తుంది. యంత్రాన్ని గంటలు లెక్కపెట్టి వాడాల్సిందే, దుమ్ముకు ముక్కుగుడ్డ కట్టుకోవాల్సిందే.

నొప్పి వచ్చేశాక? స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. ఏడాది చివర చూస్తే ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్ల పరిస్థితి వేయించుకోనివాళ్ల కంటే బాగా లేదని, అంతకంటే అధ్వానమని కూడా పెద్ద పరీక్షల్లో తేలింది. పూర్తి విశ్రాంతి కూడా మందు కాదు, పని లేని టెండాన్ ఇంకా బలహీనపడుతుంది. ఈ విషయంలో స్వీడన్ వైద్యుడు హకన్ ఆల్ఫ్రెడ్‌సన్ కథ బాగుంటుంది. మడమ పైన టెండాన్ నొప్పితో ఆపరేషన్ చేయమని పైఅధికారిని అడిగితే, చేయనన్నాడట. అయితే తెంచుకునే వస్తానని రోజూ బరువు మోస్తూ మడమను నెమ్మదిగా దింపే వ్యాయామం మొదలుపెట్టాడు. తెగలేదు సరికదా, నొప్పే పోయింది. 1998లో 15 మంది ఆటగాళ్ల మీద 12 వారాలు అదే ప్రయత్నించి ఫలితం ప్రచురించాడు. మోచేతికీ దాని తమ్ముడిలాంటి వ్యాయామం ఉంది. బల్ల మీద ముంజెయ్యి ఆనించి, అరచెయ్యి కిందికి పెట్టి, నీళ్ల సీసా పట్టుకుని, రెండో చేత్తో పైకి లేపి, నొప్పి చేతితో మెల్లగా దించడం. కొద్ది నొప్పి ఉండొచ్చు, మర్నాటికి అది పెరగకూడదు. వేళ్లు తిమ్మిరెక్కినా, రాత్రి నిద్ర లేపినా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా వ్యాయామాలు ఆపి వైద్యుణ్ని చూడాలి.

ఇవన్నీ చెప్పడం తేలిక. చేతిపనిలో డబ్బులు వచ్చేది ముక్క లెక్కన. గంటకోసారి లేచి చేతులు విదిలించే ప్రతి అయిదు నిమిషాలూ ఒక చెంచా తక్కువ. అసలు చిక్కు మొద్దుబారిన ఆకురాయి దగ్గర బయటపడుతుంది. దాని పళ్లకు ఇంట్లో పదును పెట్టుకోవడం కుదరదు, కొత్తది కొనాలి. అరిగినదానితో పని ఆగదు గనక పారేయడానికి మనసొప్పదు. ఇంకాస్త నొక్కుతారు, ఇంకో నాలుగు తోపులు తోస్తారు. ఆ నొక్కుడూ ఆ తోపులూ కలిసి సిల్వర్‌స్టీన్ లెక్కలో చెడ్డ గడిలోకి చేరతాయి. పట్నం నుంచి వందల చెంచాలకు ఆర్డరిచ్చేవాళ్లు కర్ర ధర, పార్శిల్ ఖర్చు, డబ్బా ఖర్చు లెక్క వేస్తారు. ఆ కాగితం మీద ఇన్ని చెంచాలకు ఒక కొత్త ఆకురాయి అనే వరుస కూడా ఒకటి రాసి, ఆ డబ్బు వాళ్లే పెట్టుకోవాలి.