నాకు షటిల్ ఆటపై ప్రీతి కలిగిన విధము

సోదరీమణులారా! వంటలు, వ్రతములు, శిశుపోషణము మొదలగు విషయములు చదువుటకు అలవాటుపడిన మీకు ఈ శీర్షిక వింతగా తోపవచ్చును. ఆటలు పురుషులకును పిల్లలకును ఏర్పడిన కాలక్షేపమనియు, ఇల్లాలికి వానితో పనిలేదనియు నేనును చాలకాలము తలంచియుంటిని. ఆ తలంపు ఒక్కదినమున పోలేదు, మెల్లమెల్లగా పోయినది. అది పోయిన విధమును మీకు నివేదించెదను.

నా బాల్యమున మా నాయనగారు నాకు అమరమును, భారతమును, వసుచరిత్రమును ఇంటియందే చెప్పిరి. ఆటలనగా నే నెరిగినది తొక్కుడుబిళ్ల యొక్కటియే. పండ్రెండవ యేట ఒకనాడు పెరటిలో ఆడుచుండగా మా నాయనమ్మ వచ్చి, “పెద్దదానవైతివి, ఇక చాలు” అని నా బిళ్లను గోడ యవతలకు విసరివైచెను. నేను మారు పలుకలేదు. ఆ బిళ్లను వెదకుటకును పోలేదు.

2016 ఆగస్టు 19వ తేదీ సాయంకాలము మా వారి పాఠశాలలోని ఉపాధ్యాయులు కొందరు టెలివిజను చూచుటకై మా యింట చేరిరి. బ్రెజిల్ దేశమందలి రియో నగరమున జరుగుచున్న ఒలింపిక్ క్రీడలలో హైదరాబాదు పిల్ల పి. వి. సింధు స్పెయిన్ దేశపు కరోలినా మారిన్‌తో స్వర్ణపతకమునకై ఆడుచుండెను. నేను కాఫీ పళ్లెరము చేతబట్టుకొని గడప యొద్ద నిలిచితిని. ఒక తెల్లని ఈకలగుత్తిని ఇరువురు పిల్లలు కొట్టుకొనుచుండుట తక్క నాకేమియు బోధపడలేదు. సింధు మొదటి గేమును 21-19గా గెలిచి, తరువాతి రెండింటిని 12-21, 15-21గా ఓడిపోయెను. గెలిచిన పిల్ల నేలబడి యేడ్చుచుండెను. అప్పుడు ఓడిన పిల్ల యామెను సమీపించి, కౌగిలించుకొని, నేలపై పడియున్న యామె రాకెట్టును తీసి సంచి యొద్ద నుంచెను. భారతమున యుద్ధపర్వములన్నియు చదివితిని గాని, ఓడిన క్షణమున ఎదుటివారి యాయుధమును అట్లు మన్ననతో నెత్తిపెట్టిన వారెవ్వరును నాకు జ్ఞప్తికి రాలేదు. ఆ రాత్రి అంట్లు తోముకొనుచు ఆ సంగతియే తలపోసితిని.

మరునాడు మా వారిని ఆట నియమములు చెప్పుడని యడిగితిని. ఆయన నవ్వి, నా ముగ్గుపిండితోనే వాకిట గీతలు గీసి చూపిరి. ఆటస్థలము పొడవు 44 అడుగులు. ఒక్కొక్కరు ఆడునపుడు వెడల్పు 17 అడుగులు, ఇద్దరిద్దరు ఆడునపుడు 20 అడుగులు. నడుమ కట్టు వల ఎత్తు మధ్యను 5 అడుగులు. గేమునకు 21 పాయింట్లు. 20-20గా నిలిచినచో రెండు పాయింట్లు వరుసగా ముందునకు పోవలెను. 29-29గా నిలిచినచో 30వ పాయింటుతో తేలును. మూడింట రెండు గేములు గెలిచినవారిది జయము. తమ పాయింట్లు సరిసంఖ్య యైనచో కుడివైపునుండియు, బేసి యైనచో ఎడమవైపునుండియు సర్వీసు చేయవలెను. 2006వ సంవత్సరమునకు పూర్వము సర్వీసు చేయువారికే పాయింటు దక్కెడిదట. లెక్క తెలిసినతోడనే నాకు ఆట సగము తెలిసినట్లయినది. పచ్చీసు ఆడిన చేతులకు ఇది కష్టము గాదు.

పిమ్మట ఆ ఈకలగుత్తిని చేతబట్టి చూచితిని. మనవారు దానిని కాక్ అందురు. బెండుముక్కకు 16 ఈకలు గ్రుచ్చి దారముతో కట్టుదురు. మేలిరకమునకు పెద్దబాతు ఈకలు వాడుదురు. బరువు 5 గ్రాముల ప్రాంతము, అనగా అరతులమైనను లేదు. ఎట్లు కొట్టినను బెండే ముందుగా తిరిగి పోవును. ఈకలు గాలిని నిలువరించుటచే రివ్వున బయలుదేరినదియు త్వరలోనే వేగము చచ్చి వ్రాలును. 2023లో మన అమలాపురపు యువకుడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి కొట్టిన దెబ్బ గంటకు 565 కిలోమీటర్ల వేగముగా గిన్నిస్ గ్రంథమున నమోదైనది. అంతటి వేగము నోర్చు వస్తువు పంకా గాలికైనను ప్రక్కకు తొలగును! అందుచేతనే ఈ యాటను తలుపులు మూసిన శాలలో నాడుదురు.

నన్ను నిజముగా కట్టివేసినది మరియొకటి. నేర్పరులు చేయెత్తి బలముగా కొట్టబోవునట్లు కనబడి, తుదిక్షణమున మణికట్టు సడలించి కాక్‌ను వల యంచుననే జారవిడుతురు. చేయి యొక్కటే, ఫలములు రెండు. ఎదుటివారు వెనుకకు పరుగిడుచుండగా అది ముందు పడును. వసుచరిత్రమున ఒకే మాట రెండర్థములు నిచ్చుట చూచి మురిసిన నాకు, ఇది కాళ్లతోను చేతులతోను చెప్పు శ్లేషవలె తోచెను. అది మొదలు నేను కాక్‌ను చూచుట మాని ఆడువారి పాదములను చూచుట నేర్చితిని.

2017 ఆగస్టు 27వ తేదీన గ్లాస్గో నగరమున ప్రపంచ పోటీల తుదియాట జరిగెను. సింధు పొడగరి; ఎదుట నిలిచిన జపాను పిల్ల నొజొమి ఒకుహారా పొట్టిది. 110 నిమిషము లాడిరి. రెండవ గేము చివర ఒక్క పాయింటునకై కాక్ నేలబడకుండ 73 మార్లు వలను దాటెను. పొయ్యిమీద పప్పు మాడి వాసన వచ్చుచున్నను నేను లేవలేదు. మా యత్తగారే లేచి దింపి, “ఏమైనది?” అనుచు వచ్చి నా ప్రక్కనే కూర్చుండిరి. తుదకు 19-21, 22-20, 20-22గా సింధుయే ఓడెను. నాకు నిద్ర రాలేదు. ఒకరి యోటమికి మనకు నిద్ర పట్టకున్నచో, ఆ యాట మన యింటిది యైనట్లే.

రెండేండ్లకు, 2019 ఆగస్టు 25వ తేదీన, బాసెల్ నగరమున ఆ ఒకుహారానే 21-7, 21-7గా జయించి సింధు ప్రపంచ విజేత యయ్యెను. ఈ యాటలో ఆ గౌరవము పొందిన మొదటి భారతీయురాలు, అనగా స్త్రీపురుషులలోను మొదటివ్యక్తి, ఆమెయే. అంతకు ముందు నడచినవారు లేకపోలేదు: 1980లో ప్రకాశ్ పదుకొనే, 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ పోటీలను గెలిచిరి, గోపీచంద్ హైదరాబాదున నెలకొల్పిన శిక్షణశాలలో నేర్చి సైనా నెహ్వాల్ 2012లో లండనున కాంస్యము తెచ్చెను. సింధును తీర్చినదియు ఆ శాలయే. ఆమె తల్లి విజయగారు వాలీబాల్ క్రీడాకారిణి యని వినినపుడు నేను కొంతసేపు మాటాడక యుంటిని.

ఆ మౌనమునకు కారణము మా యమ్మాయి. మూడేండ్లుగా ఆమె వారమునకు నాలుగుదినములు ఊరి షటిల్ శాలకు పోవుచున్నది. గత సంవత్సరము ఈడేరినది. పేరంటము ముగిసిన నాటి సాయంకాలము అత్తగారు, “అమ్మాయీ, ఇక దాని రాకెట్టు అటక మీద పెట్టించు” అనిరి. పిల్ల గోడవైపు తిరిగి కూర్చుండెను. నా పెరటిగోడ యవతల పడిన బిళ్ల నాకు కన్నుల గట్టినది.

“అత్తయ్యగారూ, గ్లాస్గో ఆటనాడు పొయ్యిమీది పప్పు దింపి వచ్చి నా ప్రక్కన కూర్చుండినది మీరే గదా. ఆ పిల్ల తల్లి ఆమెను ఈ వయస్సుననే మాన్పించియున్నచో మన మేమి చూచియుందుము?” అంటిని. పదునైదేండ్ల కాపురమున నేను ఆమెకు ఎదురాడుట అదియే మొదలు. మా వారు పత్రిక మడచి నావంక చూచిరి. అత్తగారు చాలసేపటికి, “ఒంటరిగా పంపవద్దు. నీవు వెంట పొమ్ము” అనిరి.

అట్లు నేనును శాలకు పోవుచున్నాను. మొదట గోడవార కూర్చుండితిని. ఒకనాడు అమ్మాయి రాకెట్టు నా చేతికిచ్చెను. చీర కొంగు బిగించి నిలిచితిని. పది కాక్‌లలో ఏడు నాకు తగులనే లేదు. ఎనిమిదవది వల దాటెను. అమ్మాయి చప్పట్లు కొట్టెను.

సోదరీమణులారా! మీ యింట ఎవరైన ఆట చూచుచుండగా కాఫీ యిచ్చి లోనికి పోకుడు. లెక్క యడిగి తెలిసికొనుడు. ఒకరి పేరు జ్ఞాపకముంచుకొని, ఆమె పాదములను గమనింపుడు. ఈకల కాక్‌లు త్వరగా చెడును గనుక పెరటికి ప్లాస్టిక్ కాక్‌లే చాలును. పెండ్లినాటి ముగ్గుపిండి యింకను మిగిలియున్నచో, గీతలు గీయుటకు అదియు పనికివచ్చును.