మరాడించడం: మీకు తెలుసా?

గోదావరి జిల్లాల్లో ధాన్యాన్ని మరాడిస్తారు. ఆ మరే మరమేకులో ఉంది, మరమగ్గంలో ఉంది, మరఫిరంగిలోనూ ఉంది. రోబోకి తెలుగు పేరు కావలసివచ్చినప్పుడు మరమనిషి అన్నాం. మేకు చుట్టూ మెలితిరిగిన గాడి దగ్గర్నుంచి మనిషిలా నడిచే యంత్రం దాకా ఈ రెండక్షరాల మాటే సరిపోయింది. సంస్కృతంలోనూ ఇంతే. నూనె గానుగ తైలయంత్రం, చెరకు గానుగ ఇక్షుయంత్రం.

తిరుగుతుంది కాబట్టి తిరగలి. తెలంగాణలో దాన్నే ఇసుర్రాయి అంటారు, అంటే విసిరే రాయి. అయితే కోనసీమ ఇంట్లోనూ కందుల్ని విసిరి పప్పు చేసేవారు, ఉప్పుపిండికి బియ్యపు రవ్వ విసిరేవారు. వస్తువుకి పేరు వేరైనా పనికి పేరు ఒకటే.

తిరగలికి పళ్ళుంటాయి! రాళ్ళ లోపలి ముఖాలు నున్నబడితే గింజ నలగదు. అందుకే ఉలితో గంట్లు పెట్టిస్తారు. దాన్నే కక్కు కొట్టడం అంటారు. కొడవలి పళ్ళనీ కక్కులే అంటాం. లాటిన్‌లో తిరగలి రాయి పేరు ‘మోలా’. ఇంగ్లీషు ‘మిల్లు’ దాన్నుంచే వచ్చింది, పళ్ళ డాక్టరు దవడ పళ్ళని పిలిచే ‘మోలార్’ కూడా దాన్నుంచే. మనం రాయికి పళ్ళు పెట్టాం, వాళ్ళు పళ్ళకి రాయి పేరు పెట్టారు.

నువ్వులు గానుగాడగా మిగిలేది తెలకపిండి. మునగాకుతో కలిపి వండితే గోదావరి వాళ్ళకి ఇష్టమైన కూర, బాలింతలకి ప్రత్యేకంగా పెట్టే కూర.

రాజమహేంద్రవరం పేపరు మిల్లులో పిండి ఆడరు, ఏలూరు జూట్ మిల్లులో గింజ నలగదు. మరి మిల్లులెలా అయ్యాయి? ఇంగ్లండులో పిండి మరల్ని తిప్పింది నీటి చక్రాలు. తొలినాటి నూలు కర్మాగారాలనీ అవే తిప్పాయి. చక్రంతో పాటు పేరూ వాటికి వచ్చేసింది. ఆ తర్వాత చక్రం పోయినా పేరు పోలేదు.

ఇక మనకి అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, డెల్టా వరిసీమ అయింది. అప్పట్లో ఇంటింటా వడ్లని రోకళ్ళతో దంచుకునేవారు. అందరూ తినేది ఆ దంచిన బియ్యమే కాబట్టి దాన్ని బియ్యం అంటే చాలేది. మరబియ్యం వచ్చాకే ‘దంపుడు బియ్యం’ అని విడిగా చెప్పవలసి వచ్చింది. తెల్లగా మెరిసే మరబియ్యంలో తవుడు ఉండదు. తవుడుతో పాటు బి1 విటమినూ పోతుంది. అది చాలకపోతే వచ్చే జబ్బు బెరిబెరి. కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పుతాయి, ఒంటికి నీరు పడుతుంది, గుండె దెబ్బతింటుంది. కోస్తాలోని సర్కారు జిల్లాల్లో ఈ జబ్బు ఒకప్పుడు బాగా ఉండేది. కూనూరు పోషకాహార ప్రయోగశాలలో శాస్త్రవేత్త ఆక్రాయిడ్, ఆయన సహచరులు బియ్యం మీద చేసిన పరిశోధనని 1940లో ప్రచురించారు. అప్పట్లో సర్కారు జిల్లాలవాళ్ళు తినేది మరాడించిన పచ్చిబియ్యం. తమిళ జిల్లాల్లో తినేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని నానబెట్టి ఉడికిస్తే తవుడులోని బి1 గింజలోకి దిగుతుంది, మరాడించినా చాలావరకు నిలుస్తుంది. ఆ ఉప్పుడు బియ్యమే అక్కడ జనాన్ని కాపాడింది.

ప్రభుత్వం లెక్కలో నూరు కిలోల ధాన్యం తీసుకున్న మిల్లు 67 కిలోల పచ్చిబియ్యం తిరిగివ్వాలి, ఉప్పుడు బియ్యమైతే 68. మిగిలేదాంట్లో ఊక పొయ్యిలోకి, తవుడు పశువులకీ నూనె మిల్లులకీ పోతాయి. ఆ తవుడులో కొంతైనా మన కంచంలో ఉండాలి. ఈసారి మరాడించేటప్పుడు పాలిష్ తగ్గించమని చెప్పండి.